కాలువ నీళ్ళు పరీక్షకు పంపే ముందు



టైఫాయిడ్‌తోనో, కామెర్లతోనో, ఆగని విరేచనాలతోనో మీ మనిషిని ఆసుపత్రిలో చేర్చిన రెండో రోజో మూడో రోజో మీకొక ఆలోచన వస్తుంది. "మేం తాగే నీళ్ళ వల్లే వచ్చిందేమోనండి సిస్టరుగారూ, ఆ నీళ్ళు ఒకసారి పరీక్ష చేయిస్తే?" అని అడుగుతారు. మంచి ఆలోచనే. మర్నాడు ఊరినుంచి క్యారేజీ తెచ్చే బంధువు చేతిలో కూల్‌డ్రింక్ సీసా కూడా ఉంటుంది. నిండా కాలువ నీళ్ళు. బస్సులో రెండు గంటలు, ఆటోలో అరగంట ఎండలో ప్రయాణం చేసి, ఆ రాత్రంతా మంచం కింద ఉండిన నీళ్ళు అవి. ఆ సీసాను ల్యాబ్‌కు ఇస్తే రిపోర్టు వస్తుంది, దాని మీద అంకెలూ ఉంటాయి. కాని ఆ అంకెలు మీ కాలువ సంగతి చెప్పవు. ఆ సీసా సంగతి, ఆ ప్రయాణం సంగతి చెబుతాయి.

మీకు ఇది కొత్త విషయమేమీ కాదు. మూత్రం కల్చర్‌కు సీసా ఇచ్చినప్పుడు "మొదటి ధార వదిలేసి మధ్య ధార పట్టండి, మూత లోపల వేలు పెట్టకండి, వెంటనే తెచ్చి ఇవ్వండి" అని మేము చెబుతాం కదా. నది నీటికి కూడా సరిగ్గా అవే జాగ్రత్తలు. ల్యాబ్‌లో ఎంత మంచి యంత్రం ఉన్నా, సీసాలోకి ఏం చేరిందో దాన్నే అది చూడగలదు.

ఇంకొక మాట ముందే చెప్పాలి. మన ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తం, మలం, మూత్రం వంటివి పరీక్షిస్తారు. తాగే నీటికి గ్రామీణ నీటి సరఫరా శాఖ వారి ల్యాబ్‌లు వేరుగా ఉన్నాయి. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ఈ ల్యాబ్‌లలో మామూలు ప్రజలు కూడా కొద్దిపాటి రుసుముతో నీళ్ళు పరీక్ష చేయించుకునే వీలు కల్పించారు. పల్లెల్లో కొందరు ఆడవాళ్ళకు చిన్న పరీక్ష పెట్టె ఇచ్చి శిక్షణ కూడా ఇచ్చారు. మీ పంచాయతీలో అలాంటి వారు ఉన్నారేమో ముందు అడగండి.

దేనికోసం పరీక్ష?

ల్యాబ్‌కు వెళ్ళి "నీళ్ళు మంచివో కావో చెప్పండి" అంటే వాళ్ళు తిరిగి అడిగే ప్రశ్న ఇది. దీనికి జవాబు లేకుండా సీసా పట్టడం, ఏ నొప్పో చెప్పకుండా డాక్టరు దగ్గర కూర్చోవడం లాంటిది.

జబ్బు క్రిముల కోసమైతే ఒక రకం సీసా. ఫ్లోరైడ్, ఉప్పు, నైట్రేట్ వంటి వాటికి ఇంకో రకం. సీసం, పాదరసం వంటి లోహాలకు వేరు. పురుగుమందులకు వేరు. చేపలు చచ్చి తేలితే, నీటిలో ప్రాణవాయువు ఎంత ఉందో చూడడానికి మరీ వేరు. ఒకే సీసాలో అన్నీ చూడలేరు. ఎందుకంటే ఒక పరీక్షను కాపాడే మందు ఇంకొక పరీక్షను పాడుచేస్తుంది.

2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు అందరి అనుమానమూ ముందు కుళాయి నీళ్ళ మీదికే పోయింది. మొదట చేసిన నీటి పరీక్షల్లో ఆ జబ్బుకు కారణమని చెప్పదగ్గది ఏమీ కనబడలేదు. ఢిల్లీ ఎయిమ్స్‌కు పంపిన రక్తం శాంపిళ్ళలో సీసం, నికెల్ అనే లోహాలు కనబడ్డాయి. ఆ తర్వాత నీటితోపాటు ఆహార పదార్థాల శాంపిళ్ళు కూడా తీసుకుని, పురుగుమందులు, లోహాల కోసం వేర్వేరు సంస్థలు వెతికాయి. క్రిముల కోసం చేసిన పరీక్షలో లోహం కనబడదు. "నీళ్ళు బాగున్నాయి" అని రిపోర్టు వస్తే, ఏ విషయంలో బాగున్నాయి అని అడగాలి.

మన వార్డుకు వచ్చే జబ్బుల్లో ఎక్కువ భాగం క్రిముల వల్ల వచ్చేవే కాబట్టి, ఇక్కడ దాని గురించే ఎక్కువ చెబుతాను.

టైఫాయిడ్ క్రిమి కోసమే వెతకమని చాలామంది అడుగుతారు. నీళ్ళలో అది చాలా తక్కువ సంఖ్యలో ఉంటుంది, పట్టుకోవడం కష్టం. అందుకని ల్యాబ్ వాళ్ళు ఇ.కోలి అనే క్రిమిని చూస్తారు. మనుషుల, పశువుల పేగుల్లో అది కోట్లకొద్దీ ఉంటుంది. నీళ్ళలో అది కనబడిందంటే మలం కలిసిందని అర్థం. మలం కలిసిన నీళ్ళలోకి టైఫాయిడ్ గాని, కలరా గాని, కామెర్ల వైరస్ గాని రావడానికి దారి తెరిచి ఉన్నట్టే. తాగే నీరు 100 మిల్లీలీటర్లలో ఇది ఒక్కటి కూడా కనబడకూడదని మన దేశ ప్రమాణం. అయితే కామెర్ల వైరస్ ఇ.కోలి కన్నా మొండిది. ఇ.కోలి లేనంత మాత్రాన వైరస్ కూడా లేదని పూర్తిగా ధైర్యం చెప్పలేము.

సీసాలో నీళ్ళు ఊరికే ఉండవు

చాలామందికి తెలియని సంగతి ఇదే. నది నీళ్ళు సీసాలో పట్టి మూత పెట్టాక కూడా లోపల పని జరుగుతూనే ఉంటుంది. వెచ్చగా ఉంటే కొన్ని క్రిములు పెరుగుతాయి. వెలుతురు తగిలితే, తినడానికేమీ లేకపోతే కొన్ని చస్తాయి. అంటే తప్పు రెండు వైపులా జరగవచ్చు. మంచి నీళ్ళు చెడ్డగా కనబడవచ్చు, చెడ్డ నీళ్ళు మంచిగా కనబడవచ్చు. నన్నడిగితే రెండోదే ఎక్కువ ప్రమాదం. మొదటి దానివల్ల మీరు అనవసరంగా భయపడతారు, అంతే. రెండో దానివల్ల ఆ నీళ్ళే మళ్ళీ తాగుతారు.

లోపల ఇంకా చాలా జరుగుతాయి. నాచు ప్రాణవాయువును వదులుతుంది, క్రిములు దాన్ని వాడేస్తాయి. అమోనియా మెల్లగా నైట్రేట్‌గా మారుతుంది. సీసం వంటి లోహాలు సీసా గోడలకు అంటుకుపోతాయి. అప్పుడు నీళ్ళు పరీక్షిస్తే లోహం తక్కువగా కనబడుతుంది, ఉన్నదంతా గోడకే ఉంటుంది. అందుకే లోహాల పరీక్షకు నీళ్ళు పట్టగానే ల్యాబ్ వాళ్ళు కొంచెం నైట్రిక్ ఆసిడ్ కలుపుతారు. అలా కలిపాక చాలా లోహాలకు ఆ శాంపిల్ ఆరు నెలల వరకు నిలవ ఉంటుంది. ఇది మీరు చేయవలసిన పని కాదు. బాత్‌రూమ్ కడిగే ఆసిడ్ మాత్రం దయచేసి కలపకండి. అది వేరే ఆసిడ్. పరీక్షా పాడవుతుంది, చేతులూ కాలతాయి.

క్రిముల పరీక్షకు మందేమీ కలపరు. అక్కడ కాపాడేవి చల్లదనం, చీకటి, తొందర. ఈ మూడే. నది నీటిని ఆరు గంటల లోపల ల్యాబ్‌లో పరీక్షకు పెట్టగలిగితే మంచిది. ఎట్టి పరిస్థితిలోనూ 24 గంటలు దాటకూడదు.

సీసా ఎక్కడిది?

ల్యాబ్‌కు వెళ్ళి తెచ్చుకోండి. మేము ఆపరేషన్ సామాను ఆటోక్లేవ్‌లో పెట్టినట్టే ఆ సీసాను కూడా 121 డిగ్రీల ఆవిరిలో పెట్టి క్రిములు లేకుండా చేసి, మూతకు కాగితం కట్టి ఇస్తారు. ఇంట్లో వేడి నీళ్ళతో కడిగిన సీసా దానికి సాటి రాదు. ఒక్కొక్కసారి ఆ సీసా అడుగున కొంచెం తెల్లని పొడి గాని, ఒకటి రెండు చుక్కల మందు గాని ఉంటుంది. మురికి అనుకుని కడిగేవాళ్ళున్నారు. అది కుళాయి నీటిలోని క్లోరిన్‌ను విరిచే మందు. అది లేకపోతే సీసాలో క్లోరిన్ తన పని తాను చేసుకుంటూ పోయి, ల్యాబ్ చేరేలోపల క్రిములను చంపేస్తుంది.

డెల్టాలో మూడిళ్ళున్న ఒక వీధి సంగతి చెబుతాను. ముగ్గురు పిల్లలకు వరుసగా టైఫాయిడ్ వచ్చింది. ఒక పిల్లవాడి తాతగారు బాధ్యతగల మనిషి. ఎవరూ చెప్పకుండానే నీళ్ళు పట్టుకెళ్ళి పరీక్ష చేయించారు. రిపోర్టులో క్రిములు లేవని వచ్చింది. ఇంట్లో అందరూ సంతోషించి కాచి తాగడం మానేశారు. నెల తిరగకుండా ఆ పిల్లవాడి తల్లి అదే జ్వరంతో వచ్చి చేరింది. కూర్చుని అడిగితే అప్పుడు తెలిసింది. సీసా శుభ్రంగా ఉండాలని ఆ పెద్దాయన ముందురోజు రాత్రి దాన్ని బ్లీచింగ్ పౌడరు నీళ్ళతో నింపి ఉంచి, పొద్దున్న ఒంపేసి అందులోనే శాంపిల్ పట్టారు. శుభ్రం కోసం చేసిన పనే రిపోర్టును తప్పు చేసింది.

తర్వాత ల్యాబ్ సీసాలు తెచ్చి నాలుగు చోట్ల పట్టారు: కాలువలో, మంచినీటి చెరువులో, ట్యాంకు దగ్గర కుళాయిలో, ఆ వీధి చివర కుళాయిలో. కాలువలో, చెరువులో క్రిములున్నాయి. అవి ఉంటాయి, అందులో వింత లేదు. ట్యాంకు దగ్గర లేవు. వీధి చివర ఉన్నాయి. ట్యాంకుకూ వీధికీ మధ్య గొట్టం మురుగు కాలువలోనుంచి పోయేచోట పగిలి ఉంది. జ్వరానికి అదే కారణమని ఎవరూ ప్రమాణం చేసి చెప్పలేరు. గొట్టం మాత్రం బాగుచేశారు.

నీళ్ళు పట్టే పద్ధతి

ముందుగా ఎక్కడ పట్టాలి? ధవళేశ్వరంలో 1852లో ఆనకట్ట పూర్తయిన నాటినుంచి డెల్టాలో చాలా ఊళ్ళకు గోదావరి కాలువలే తాగునీటికి ఆధారం. వేసవిలో కాలువలు కట్టేసేముందు ఊరి చెరువు నింపుకుంటారు. అలాంటి ఊరికి కాలువ రేవులో పట్టిన ఒక్క సీసా చాలదు. మీ ప్రశ్న "మేం ఏం తాగుతున్నాం?" అయితే, మీరు బిందె ముంచే చోటే, లేదా కుళాయి దగ్గరే పట్టాలి. "మురికి ఎక్కడ కలుస్తోంది?" అనేది మీ ప్రశ్న అయితే, అనుమానమున్న మురుగు తూముకు ఎగువన ఒకటి, దిగువన ఒకటి పట్టాలి. దిగువన మరీ తూము మూతిలో కాకుండా, ఆ నీరు కాలువలో బాగా కలిసిన చోట పట్టాలి. ఎగువ శాంపిల్ లేకపోతే దిగువ అంకెకు అర్థం ఉండదు. అది పైనుంచే వచ్చిందని ఎదుటివాళ్ళు సులువుగా అనేస్తారు.

సీసా మీద చీటీ నీళ్ళు పట్టకముందే రాయండి. తడిసిన సీసా మీద బాల్‌పెన్ను పని చేయదు. తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి పెన్సిల్‌తో రాస్తే చెరగదు. ఊరు, రేవు పేరు, తేదీ, గంట, పట్టిన వారి పేరు ఉండాలి. ముందు రెండు రోజుల్లో వాన పడిందా, కాలువ పారుతోందా కట్టేశారా, దగ్గర్లో గేదెలు ఉన్నాయా, చేపల చెరువు నీళ్ళు వదిలారా, ఇవన్నీ ఒక కాగితం మీద వేరుగా రాసి పెట్టుకోండి. వాన పడ్డ మర్నాడు కాలువలో క్రిములు ఎక్కువ కావడం మామూలే. ఆ సంగతి తెలియకపోతే రిపోర్టు చూసేవారు పొరబడతారు.

చేతులు సబ్బుతో కడుక్కుని ఆరనివ్వండి. చేతి తొడుగులు దొరికితే వేసుకోండి. నీటిలో దిగవలసి వస్తే బురద రేగకుండా మెల్లగా దిగి, బురద కొట్టుకుపోయేదాకా ఆగండి. నీరు వచ్చే వైపు ముఖం పెట్టి నిలబడండి. అలా నిలబడితే మీ ఒంటిని తాకిన నీరు వెనక్కి పోతుంది, సీసాలోకి రాదు. మూత తీసి, లోపలి వైపు దేనికీ తగలకుండా చేతిలోనే పట్టుకోండి. జేబులో వేయకండి, గట్టు మీద పెట్టకండి. సీసాను అడుగు దగ్గర పట్టుకుని, మూతి కిందికి పెట్టి, జానెడు లోతుకు ముంచి, అక్కడ ప్రవాహానికి ఎదురుగా తిప్పండి. పైన తేలే తెట్టూ రాకూడదు, అడుగు బురదా రాకూడదు. పైకి తీశాక అంగుళం మేర ఖాళీ ఉండాలి. ల్యాబ్‌లో సీసాను కుదిపి కలపడానికి ఆ ఖాళీ కావాలి. ఎక్కువైతే కాస్త ఒంపి వెంటనే మూత బిగించండి. ఈ సీసాను నది నీటితో తొలవకూడదు.

రసాయనాల పరీక్షకు ఇందుకు తిరగబడి ఉంటుంది. లీటరో రెండు లీటర్లో పట్టే శుభ్రమైన ప్లాస్టిక్ డబ్బాను అదే నీటితో మూడుసార్లు తొలిచి నింపాలి. ఫ్లోరైడ్ చూడాలంటే ప్లాస్టిక్కే మంచిది, గాజు కాదు. పురుగుమందుల కోసమైతే ప్లాస్టిక్ పనికిరాదు, ల్యాబ్ వాళ్ళిచ్చే ముదురు రంగు గాజు సీసాయే కావాలి. ల్యాబ్ వాళ్ళు ముందే ఆసిడ్ వేసి ఇచ్చిన సీసానైతే తొలవకండి, పొర్లనివ్వకండి.

చేపలు చచ్చినప్పుడు చేసే ప్రాణవాయువు పరీక్ష మాత్రం మీ వల్ల కాదు. గాజు మూత ఉన్న 300 మిల్లీలీటర్ల సీసాలో ఒక్క గాలి బుడగ కూడా లేకుండా నింపి, అక్కడే గట్టు మీదే రెండు మందులు కలపాలి. ప్రాణవాయువు ఉంటే గోధుమ రంగు తెట్టు కిందికి దిగుతుంది, లేకపోతే తెల్లగా దిగుతుంది. చూడముచ్చటైన పరీక్ష. దానికి ల్యాబ్ మనిషే రావాలి.

కుళాయి దగ్గరైతే గుడ్డ, ప్లాస్టిక్ గొట్టం ఉంటే తీసేసి, రెండు మూడు నిమిషాలు నీళ్ళు వదిలాక పట్టండి.

ఒక్కరే వెళ్ళకండి. కాలువ గట్లు జారతాయి, నిండా పారేటప్పుడు ఈత వచ్చిన వాళ్ళే కొట్టుకుపోతారు. పిల్లలను అసలు పంపవద్దు. కాళ్ళకు పుండ్లు, కోతలు ఉంటే నీళ్ళలో దిగకండి. ఎలుకల మూత్రం కలిసిన నీటివల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం ఆ కోతల్లోంచే ఎక్కుతుంది. కర్రకు సీసా కట్టి గట్టు మీదినుంచే ముంచితే అన్నిటికన్నా మేలు.

తీసుకెళ్ళేటప్పుడు ఐస్ పెట్టెలో గాని, మూత ఉన్న థర్మోకోల్ డబ్బాలో గాని పెట్టండి. ఐస్ ముక్కలు ప్లాస్టిక్ కవరులో కట్టి పెట్టండి, లేకపోతే కరిగిన నీళ్ళు సీసా మూతలోకి దిగుతాయి. సీసా నిలువుగా ఉండాలి. చల్లగా ఉండాలే గాని గడ్డ కట్టకూడదు. గడ్డ కడితే క్రిములు చస్తాయి, గాజు పగులుతుంది. ఫ్రీజర్‌లో పెట్టవద్దు.

రిపోర్టు చూసేటప్పుడు

దీన్ని కాస్త శ్రద్ధగా చదవండి. టైఫాయిడ్ క్రిమి ఒంట్లో చేరిన తర్వాత జ్వరం రావడానికి ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. నీళ్ళ వల్ల వచ్చే కామెర్లకు రెండు వారాల నుంచి రెండు నెలల దాకా పట్టవచ్చు. అంటే ఈ రోజు మీరు సీసాలో పట్టే నీళ్ళు మీ మనిషి ఆ రోజు తాగిన నీళ్ళు కావు. నది అప్పుడే దిగువకు పోయింది. ఈ రోజు రిపోర్టు బాగుంటే, నీటివల్ల జబ్బు రాలేదని అర్థం కాదు. ఈ రోజు ఆ చోట ఆ నీరు బాగుందని మాత్రమే అర్థం. అందుకే ఒక్కసారితో ఆపకుండా కాలువ వదిలిన కొత్తలో ఒకసారి, మొదటి వానల తర్వాత ఒకసారి, కాలువ కట్టేసి చెరువు నీళ్ళు అడుగంటేటప్పుడు ఒకసారి చూడాలి.

హెచ్‌టూఎస్ సీసా అని ఒకటి ఉంది. నీళ్ళు పోసి వెచ్చగా ఒకటి రెండు రోజులు ఉంచితే, మలం కలిసిన నీరైతే నల్లబడుతుంది. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన సంస్థవారు 1982లో దీన్ని ప్రకటించారు. ఊళ్ళో తొందరగా చూసుకోవడానికి బాగా పనికొస్తుంది. శుద్ధి చేయని కాలువ నీటిలో మాత్రం ఎప్పుడూ నల్లగానే వస్తుంది, అందుకని దాన్ని కుళాయికీ బిందెకూ వాడండి.

ఒక ఫ్యాక్టరీ మీద అనుమానం ఉండి కేసు వేయాలనుకుంటే మీరు పట్టిన సీసా సాక్ష్యానికి నిలబడదు. 1974 నీటి కాలుష్య చట్టం ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి అధికారి ఫ్యాక్టరీ వారికి నోటీసు ఇచ్చి, శాంపిల్‌ను రెండు భాగాలు చేసి, సీలు వేసి, సంతకాలతో తీసుకోవాలి. మీ రిపోర్టు వారిని పిలవడానికి పనికొస్తుంది.

రిపోర్టు రావడానికి మూడు నాలుగు రోజులు పట్టవచ్చు. అప్పటిదాకా నీళ్ళను వడకట్టి, తెర్లే దాకా కాచి, తెర్లడం మొదలయ్యాక ఇంకో నిమిషం ఉంచి, మూతపెట్టి చల్లార్చి తాగండి. క్లోరిన్ బిళ్ళలైతే పొట్లం మీద రాసిన లెక్క ప్రకారం వేసి అరగంట ఆగండి. ఇంట్లో గర్భిణి ఉంటే మరింత జాగ్రత్త, నీటి కామెర్లు ఆమెకు ప్రాణం మీదికి తెస్తాయి. కాచితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్, నైట్రేట్, లోహాలు పోవు. నీరు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడతాయి.

ల్యాబ్‌కు వెళ్ళే ముందు ఫోను చేసి ఏ రోజు తెమ్మంటారో కనుక్కోండి. శనివారం మధ్యాహ్నం తీసుకెళ్తే, మర్నాడు సెలవు కాబట్టి సీసా సోమవారం దాకా అలాగే ఉండిపోవచ్చు. సోమవారం నుంచి బుధవారం లోపల, తెల్లవారుజామున పట్టి పొద్దున్నే ఇచ్చేస్తే మేలు. సీసా తీసుకున్న గంట వేసి రసీదు ఇమ్మని అడగండి. రిపోర్టు జిరాక్సు ఒకటి పంచాయతీ కార్యదర్శికి ఇవ్వండి, ఇంకొకటి మా వార్డు డెస్కు దగ్గర ఇస్తే మీ మనిషి కేసు షీటుతో కలిపి పెడతాం.